శివారు వరుసకు నీళ్లు రాలేదు

మహారాజశ్రీ లాటిస్ ప్లాటు గారికి, అమలాపురం నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను తప్ప అందరూ క్షేమం.

తమరిని ఎరగని వాళ్లకు ఒక ముక్క: ఎలక్ట్రాన్లను పరుగెత్తించే యంత్రం యాక్సిలరేటర్; అందులో వాటి దారి పొడవునా ఏ అయస్కాంతం తరవాత ఏది ఉందో ఆ వరుసే లాటిస్. దాని బొమ్మ తమరు. పైన బీటా గీతలు (ఎలక్ట్రాన్ల పుంజం ఎక్కడ వెడల్పో, ఎక్కడ సన్నమో చెప్పేవి), కింద అయస్కాంతాల డబ్బాలు.

నేను గీయిస్తున్నది ఇందోర్‌లోని ఇండస్-2 అనే యాక్సిలరేటర్ వలయాన్ని. చుట్టుకొలత సుమారు 172.5 మీటర్లు. దారిని వంచే డైపోళ్లు 16, పుంజాన్ని బిగించే క్వాడ్రుపోళ్లు 72. ఆ డెబ్బై రెండింటికీ పేర్లు వేయమన్నాను. వేశారు, రావులపాలెం మార్కెట్లో అరటి గెలల్లా ఒకదాని మీద ఒకటి.

క్వాడ్రుపోల్ గుణం తమలాంటిదే. అడ్డంగా బిగిస్తే నిలువుగా వదిలేస్తుంది. బలం దిశ మార్చి మార్చి పేరిస్తే రెండువైపులా బిగుస్తుందని అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల వాళ్లు 1952లో ప్రకటించారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన సరిగ్గా నూరేళ్లకు! (కాటన్ దొరకు దీనితో సంబంధం లేదు. మా ఊళ్లో ఆయన పేరెత్తకుండా ఉత్తరం ముగియదు, అంతే.)

అసలు గొడవ రంగులది. క్వాడ్రుపోళ్లన్నీ ఎరుపు అని బొమ్మ గీసే ప్రోగ్రాంలో ఒక వరుస రాశాను. నేను బలం మార్చి చూస్తున్న నాలుగు మాత్రం నీలం అని దాని కింద ఇంకో వరుస. నాలుగూ ఎర్రగానే ఉన్నాయి. స్పెల్లింగు చూశాను. నీలం తీసి ఆకుపచ్చ పెట్టాను. ప్రోగ్రాం మూసి తెరిచాను. రాత్రి పదకొండయింది.

మా నాన్నగారు కాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. పెరుగన్నం గిన్నె బల్ల మీద పెట్టి, తెర వైపు వంగి చూశారు.

"అమ్మాయీ, ఇవి లాకులా?"

"అయస్కాంతాలు నాన్నా. పై వరుస అన్నిటికీ ఎరుపు పూసేస్తోంది, కింది వరుసను పట్టించుకునే నాథుడు లేడు."

"ఎగువ తూము బార్లా తెరిచిపెట్టి, శివారు చేనుకు నీళ్లందలేదంటే ఎలా? శివారు వంతు ముందు ఇవ్వాలి."

వరుసలు తారుమారు చేశాను. నాలుగూ నీలం! మొదట సరిపోయిన నియమం దగ్గరే తమరు ఆగిపోతారట. ఆ సంగతి మాన్యువల్లో ఉంది, అదీ శివారులోనే.

నాన్నగారు ఇప్పుడు రోజూ వచ్చి తమరి ఎదుట కూర్చుంటున్నారు. రెండు డబ్బాల మధ్య అంత ఖాళీ ఉంచి ఒక్క తూమైనా పెట్టలేదేమని అడుగుతున్నారు. జవాబు తమరే చెప్పుకోండి.

ఇట్లు,
తమ శివారు రైతు