పుట్టిన తేదీ గడిగారికి వ్రాయునది ఏమనగా

మహారాజశ్రీ పుట్టిన తేదీ గడిగారికి, ఉభయకుశలోపరి. నా కుశలం అంతంత మాత్రమే, కానీ ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని మా నాన్న నేర్పాడు.

నన్ను గుర్తుపట్టారా? మొన్న రాత్రి పదకొండింటికి పిల్లాడు పడుకున్నాక పీహెచ్‌డీ అప్లికేషన్ తెరిచి, వణుకుతున్న వేలితో మిమ్మల్ని నొక్కింది నేనే. మీరు 2007 దగ్గర తెరుచుకున్నారు. అక్కడి నుంచి కిందికి జరుపుకుంటూ పోతుంటే 2004 వచ్చింది, నేను పదో తరగతి పాసైన సంవత్సరం. 1998 వచ్చింది, మా కాలేజీలో కొత్తగా చేరి అప్పుడే పీహెచ్‌డీలో రెండో ఏడు నడుస్తున్న లెక్చరర్ పుట్టిన సంవత్సరం. రాత్రి రైల్లో కునుకు తీసి మన స్టేషన్ దాటిపోయిందేమోనని ఉలిక్కిపడతాం చూడండి, అలా 1989 దగ్గర ఆగాను. మా ఆయన నిద్రలోనే "ఇంకా అవలేదా?" అన్నాడు. ఆయన అడిగింది లైటు గురించే అనుకోండి.

అసలు మన గొడవ 1994 జూన్‌లో మొదలైంది. ఐదేళ్లు నిండితే తప్ప ఒకటో తరగతిలో చేర్చుకోనన్నారు మా ఊరి హెడ్మాస్టర్ సారు. నేను పుట్టింది 89 దసరా వెళ్లిన మూడో రోజు, అంటే నాలుగేళ్ల ఎనిమిది నెలలు. పుట్టిన సర్టిఫికెట్ ఎవరి దగ్గరుంది ఆ రోజుల్లో? "ఏదీ, కుడి చెయ్యి తల మీంచి వేసి ఎడమ చెవి పట్టుకో" అన్నారు సారు. మా అమ్మ ఆ వేసవంతా నాతో అదే ప్రాక్టీసు చేయించింది కాబట్టి, తల కొంచెం వాల్చి, వేళ్లు సాగదీసి, పట్టేశాను. "అందింది సార్" అని నాకంటే ముందు అమ్మే అరిచింది. సారు రిజిస్టర్‌లో 15-05-1989 అని రాసేశారు. మా క్లాసులో ఇంకో పదకొండు మంది కూడా ఆ మే 15నే పుట్టారు, ఊళ్లో ఒక్క మంత్రసానే ఉండేది, పాపం ఆ రోజు ఎంత కష్టపడిందో. ఆ తేదీ పదో తరగతి మెమోలోకి ఎక్కింది, అక్కడి నుంచి ఆధార్‌లోకి, ఇప్పుడు మీలోకి.

ఇక జేఆర్‌ఎఫ్ సంగతి, అంటే పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. లెక్చరర్ అర్హతకు పెట్టే జాతీయ పరీక్ష నెట్ రాసి ఆ ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు ఇస్తారు. నేను పని చేసే ప్రైవేటు జూనియర్ కాలేజీలో నెలకు 22 వేలు, అదీ పది నెలలకే, ఎండాకాలం రెండు నెలలు గాలి భోంచేయాలి. నేను ఎంఏ పాసైన 2011లో జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 28 ఏళ్లు, 2018లో దాన్ని 30 చేశారు. 30 దాటిన రోజున నేను వంటింట్లో ఓ పది నిమిషాలు కళ్లు తుడుచుకుని, పుస్తకాలన్నీ అటక మీద పెట్టేశాను. ఆడవాళ్లకు ఐదేళ్ల సడలింపు ఉందన్న లైను అదే నోటిఫికేషన్‌లో ఉంది. అది నేను చదివింది 2024లో, ఎండలకు అటక దులుపుతున్నప్పుడు కాదు, ఆ కొత్త లెక్చరర్ చెబితే. వెంటనే కూర్చుని లెక్కేశాను. 2024 జూన్ ఒకటి నాటికి 35 దాటకూడదు. మా అమ్మ లెక్కలో నాకు 34 ఏళ్ల ఏడు నెలలు. మీ లెక్కలో 35 ఏళ్ల 17 రోజులు. రెండేళ్లకు 8 లక్షల 88 వేలండీ, ఒక్క చెవి పట్టుకున్నందుకు!

ఇంకో తమాషా చెప్పనా? సెంట్రల్ యూనివర్సిటీల్లో ప్రొఫెసర్లు 65 ఏళ్లకు రిటైరవుతారు, మన తెలంగాణ యూనివర్సిటీల్లో కూడా 2025లో 60ని 65 చేశారు. పాఠం చెప్పడానికి 65 ఏళ్ల దాకా పనికొచ్చే బుర్ర, నేర్చుకునేటప్పుడు మాత్రం 30కే పాచిపోతుందన్నమాట.

జేఆర్‌ఎఫ్ ఎలాగూ లేదు, వయోపరిమితి లేని అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకైనా అదే నెట్ రాద్దామని వెళ్లాను. జూన్ 18న పరీక్ష సెంటర్ గేటు దగ్గర కుర్రాడు "పేరెంట్స్ ఆ చెట్టు కింద కూర్చోవాలమ్మా" అన్నాడు. అడ్మిట్ కార్డు చూపిస్తే ఫొటో వైపోసారి, నా వైపోసారి చూసి "సారీ ఆంటీ" అన్నాడు, ఆ సారీ లేకపోయినా బాగుండేది. మర్నాడే ఆ పరీక్ష రద్దు చేశారు. 9 లక్షల మందికి పైగా రాసిన పరీక్ష! ఊరంతా తిట్టుకుంటుంటే, సిగ్గు విడిచి చెబుతున్నా, నాకు లోపల హాయిగా అనిపించింది. "చూశావా, నాకు రాసి పెట్టి లేదు" అని అత్తమ్మతో అన్నాను కూడా. మళ్లీ ఆగస్టు, సెప్టెంబరుల్లో పెట్టారు, రాశాను, పాసయ్యాను.

స్టాఫ్‌రూమ్‌లో స్వీట్లు పంచి, శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ ఎత్తుకున్నాను. భీమవరంలో 1895లో పుట్టారు, మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు, 1930లో, 35 ఏళ్లకు, హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేశారు అని. ఫిజిక్స్ సార్ లడ్డూ నములుతూ "ఆయనకు హార్వర్డ్ వాళ్లు పర్మనెంట్ పోస్ట్ ఇవ్వలేదు కదా మేడమ్" అన్నాడు. నిజమే, ఇవ్వలేదు. 1940లో మందుల కంపెనీకి వెళ్లిపోయారు. లడ్డూ వెనక్కి తీసుకోవాలనిపించింది.

సరే, ఇంత తిట్టాక ఓ మాట ఒప్పుకోవాలి. జేఆర్‌ఎఫ్ దగ్గర తప్ప మీరు నన్ను ఎక్కడా ఆపలేదు. నెట్ అర్హతకు వయసు అడ్డం లేదు, రాష్ట్రం పెట్టే అలాంటి పరీక్ష సెట్‌కూ లేదు. పీహెచ్‌డీకైతే నెట్ స్కోరుకు 70, ఇంటర్వ్యూకు 30 వెయిటేజీ, ఇందులో మీకు ఒక్క మార్కూ లేదు. "వయసైపోయింది" అని పెళ్లిళ్లలో, పేరంటాల్లో, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకు తిరిగింది నేను. ఆ మాట అంటే ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు, పైగా జాలి పడి ఇంకో గారె వేస్తారు.

పీహెచ్‌డీకి నా నెట్ మార్కులు చెల్లేది ఏడాదే, అది అక్టోబరుతో సరి. అందుకే మొన్న రాత్రి మిమ్మల్ని నింపేశాను, రెండు నిమిషాలు పట్టింది. మీ కింద ఇంకో గడి ఉంది చూశారా, "పరిశోధన అంశం, వెయ్యి పదాలకు మించకుండా" అని? పద్నాలుగేళ్లుగా మీతో పోట్లాడుతూ దాని మొహం చూడలేదు. పొదుపు సంఘంలో అప్పు తెచ్చిన ఆడవాళ్లు ఇంటికొచ్చి ఆ డబ్బు ఎవరి చేతిలో పెడతారు అన్నది నా ప్రశ్న, మా అమ్మను చూసి పుట్టిన ప్రశ్న. మూడు రాత్రులు కూర్చుంటే 340 పదాలయ్యాయి, అందులో నూట యాభై బాలేవు. ఆఖరు తేదీ శుక్రవారం సాయంత్రం ఐదు.

ఉంటాను, పని ఉంది.

ఇట్లు,
15-05-1989
(దసరా వెళ్లిన మూడో రోజు)