గొలుసు రంపం మీద పడుతున్న తప్పుడు లెక్క

మీటరు వ్యాసం, 3 మీటర్ల పొడవు ఉన్న పచ్చి ఓక్ దుంగ రెండు టన్నులకు పైగా తూగుతుంది. అంత దుంగను అడవి లోపలి నుంచి సామిల్లుకు చేర్చాలంటే ఈడ్చడానికి వించ్ కావాలి, ఎత్తడానికి క్రేను కావాలి, లారీ వచ్చే దారి కావాలి. ఇన్నీ సమకూర్చుకుని మిల్లు గుమ్మం దాకా తెచ్చినా, చిన్న మిల్లుల్లో చాలావాటికి ఆ లావు పట్టదు. ఈ ఇబ్బందిలోంచి పుట్టిందే గొలుసు రంపంతో, అంటే చైన్‌సాతో, పలకలు కోసే పద్ధతి. దుంగ పడిన చోటే ఉంటుంది. గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి బార్ బిగించిన ఆ రంపం, దానికి తగిలించిన అల్యూమినియం చట్రం దాని దగ్గరకు వెళతాయి. కోసిన పలకలను మనుషులు భుజాన వేసుకుని బయటకు తేగలరు.

ఈ పద్ధతి మీద ఎప్పుడూ వినిపించే అభ్యంతరం, సగం చెట్టు పొట్టయిపోతుందని. అంకెలు చూద్దాం. గొలుసు రంపం కోత మందం సుమారు 9 మిల్లీమీటర్లు, మిల్లుల్లో వాడే, సన్నటి పట్టీ లాంటి బ్లేడు ఉన్న బ్యాండ్ రంపానిది 2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. 25 మిల్లీమీటర్ల మందాన పలకలు తీస్తూ పోతే గొలుసు ప్రతి 34 మిల్లీమీటర్లలో 9 తినేస్తుంది. అంటే నూటికి 26 వంతులు. బ్యాండ్ తినేది నూటికి 7 వంతులకు కాస్త ఎక్కువ. సగం అన్నది అతిశయోక్తే గాని, విలువైన కలపలో పావు వంతు నేలపాలు కావడం చిన్న సంగతి కాదు. అభ్యంతరం అంతవరకు నిజమే. కాకపోతే దుంగ మొత్తాన్ని పలుచటి పలకలుగా గొలుసుతోనే కోస్తారన్న ఊహ ఒకటి ఈ లెక్క అడుగున ఉంది. అలా కోసి తీరాలని ఎవరు చెప్పారు?

గొలుసు రంపాన్ని మిల్లుకు ప్రత్యామ్నాయంగా నిలబెట్టి తూకం వేయడం దగ్గరే చర్చ దారి తప్పుతోందని నా అభిప్రాయం. మిల్లుకు లొంగని దుంగను లొంగదీయడం దాని అసలు పని. పైన చెప్పిన దుంగనే నడిమికి నిలువునా చీల్చి, ఆ సగాలను మళ్లీ రెండేసిగా చీల్చామనుకోండి. పొట్టుగా పోయేది మొత్తం కలపలో నూటికి 2 వంతుల పైచిలుకు మాత్రమే. మిగిలే నాలుగు ముక్కలూ ఒక్కొక్కటి సుమారు 600 కిలోలు. వాటిని చిన్న ట్రాక్టరు లాగగలదు, మధ్యరకం బ్యాండ్ మిల్లు పట్టగలదు. పలకలు తీసే సన్నపని అక్కడ జరుగుతుంది. పావు వంతు నష్టమని భయపెట్టిన యంత్రమే, పని మార్చి ఇచ్చేసరికి, లెక్కలోకి రానంత నష్టంతో బయటపడుతుంది.

ఇలా నాలుగు ముక్కలు చేయడంలో మరో లాభం ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే చెక్క ఎలా ఎండుతుందో చూడాలి. పచ్చి కలపలో తేమ సుమారు 30 శాతానికి దిగేవరకు కణాల లోపలి ఖాళీల్లో ఉన్న నీరే పోతుంది, కొలతలు పెద్దగా మారవు. అక్కడి నుంచి కణాల గోడల్లోని నీరు పోవడం మొదలై చెక్క కుంచించుకుంటుంది. ఆ కుంచింపు అన్ని వైపులా ఒకేలా ఉండదు. వార్షిక వలయాల వెంబడి జరిగేది, నడిమి నుంచి బెరడు వైపు జరిగేదానికి దాదాపు రెట్టింపు. తెల్ల ఓక్‌లో ఇవి పూర్తిగా ఎండేసరికి సుమారు పదిన్నర శాతం, ఐదున్నర శాతం. గుండ్రటి దుంగను కోయకుండా వదిలేస్తే నడిమి దాకా నోరు తెరుచుకుని చీలడానికి, వలయాలకు అడ్డంగా కాకుండా వాటి వెంట తీసిన వెడల్పాటి పలక దోనెలా వంగడానికి కారణం ఈ తేడాయే. నాలుగో వంతు ముక్క నుంచి వలయాలు నిలువుగా నిలబడేలా తీసిన పలక వెడల్పులో తక్కువ కుంచించుకుంటుంది, తిన్నగా నిలుస్తుంది. సన్నటి చెట్టు నుంచి అలాంటి పలక తీస్తే జానెడు వెడల్పు కూడా రాదు. లావు దుంగకు ఉన్న అసలైన విలువ అందులో ఉంది.

ఈ మధ్య పెద్ద బల్లల కోసం బెరడు అంచుతో సహా దుంగ వెడల్పంతా ఒకే పలకగా తీసే మోజు బాగా పెరిగింది. చూడటానికి దర్జాగా ఉంటుందనడంలో సందేహం లేదు. చెక్క వైపు నుంచి చూస్తే మాత్రం ఇది పెద్ద దుంగను వాడుకోగల మార్గాలలో అన్నిటికంటే నాసిది. నడిమి పలకలో దుంగ నట్టనడి కేంద్రం ఉంటుంది, అది ఎండుతూ పగులుతుంది. ఆ పగుళ్లలో రంగు రంగుల రెసిన్ పోసి అందమని అమ్ముతున్నారు. 25 మిల్లీమీటర్ల మందానికి ఒక ఏడాది గాలికి ఆరాలన్నది వడ్రంగుల పాత లెక్క. గట్టి కలపలో 75 మిల్లీమీటర్ల పలకకు మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అంతకాలం ఆగే ఓపిక కొనేవారికీ ఉండదు, అమ్మేవారికీ ఉండదు. తొందరపడి ఇంట్లో పెట్టుకున్న పలక అక్కడ ఎండడం పూర్తిచేసుకుంటూ మెలి తిరుగుతుంది. పొట్టు గురించి గుండెలు బాదుకునేవారు ఈ నష్టాన్ని ఎందుకు లెక్కించరో నాకు అర్థం కాదు. కోసిన రోజే చివర్లకు మైనం పూయకపోవడం, పలకల మధ్య సమాన దూరంలో బద్దలు పెట్టకుండా పేర్చడం, ఎండలో పడేయడం వంటి వాటి వల్ల పోయే కలప 9 మిల్లీమీటర్ల కోత తినేదాన్ని సునాయాసంగా దాటిపోతుంది.

గొలుసు రంపానికి నిలువుకోత అంత కష్టం ఎందుకన్నది చరిత్రలోనే ఉంది. జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో విద్యుత్తుతో నడిచే గొలుసు రంపం తెచ్చినప్పుడు దాన్ని పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. పని మాత్రం అడ్డకోత. ఆ కాలపు గొలుసు పళ్లు చేతి రంపం పళ్లలాగే ఉండేవి, చెక్కను గీకుతూ పోయేవి, మాటిమాటికీ సానపెట్టాల్సి వచ్చేది. 1946లో అమెరికాలోని ఆరెగాన్ అడవుల్లో జోసెఫ్ కాక్స్ అనే కార్మికుడు, మొద్దును తొలుచుకుంటూ పోతున్న పురుగు దవడలను గమనించాడు. ఆ పురుగు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి కొరుకుతూ పోతోంది. దాన్ని చూసి ఎడమ, కుడి పళ్లు మార్చి మార్చి వచ్చే గొలుసు తయారుచేశాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న గొలుసులన్నీ దాదాపు ఆ నమూనా సంతానమే. అది కూడా అడ్డకోతకు పుట్టిన నమూనా. అందుకే అడ్డకోతకు పంటి పై అంచును 30 డిగ్రీల వాలున సానపెడితే, నిలువుకోత గొలుసుకు దాన్ని 10 డిగ్రీల దగ్గరకు తగ్గిస్తారు. కోత నెమ్మదిగా సాగినా పలక ముఖం నునుపుగా వస్తుంది.

ఇంజను మీద పడే భారం కూడా వేరు. మీటరు వ్యాసం దుంగను అడ్డంగా తెగ్గోస్తే రంపం దాటే వైశాల్యం 0.8 చదరపు మీటర్ల లోపు. అదే దుంగను 3 మీటర్ల పొడవున నడిమికి చీలిస్తే 3 చదరపు మీటర్లు. నాలుగు అడ్డకోతల పనిని దాదాపు ఆగకుండా, పూర్తి వేగంతో చేయాలి. ఈ పనికి వాడే స్టిల్ ఎంఎస్ 880 ఇంజను 121.6 సీసీ ఉండటం దర్పం కోసం కాదు. పొడవాటి బార్ చివర దాకా నూనె అందక గొలుసు వేడెక్కుతుంది కాబట్టి అక్కడ విడిగా నూనె కారే ఏర్పాటు పెడతారు. పొట్టు సన్నటి పొడిలా రావడం మొదలైతే ఆపి ఆకురాయి తీయాల్సిందే. టేకు వంటి కలపలో ఉండే, ఇసుకలాంటి సిలికా ఆ ఘడియను ఇంకా ముందుకు తెస్తుంది. మొద్దుబారిన గొలుసును బలంగా నొక్కి కోసేవాడు పలకనూ, బార్‌నూ, ఇంజనునూ ఒకేసారి పాడుచేసుకుంటాడు.

మొదటి కోత తిన్నగా రావడం మరీ ముఖ్యం. దుంగకు సహజంగా చదునైన ముఖం ఉండదు కాబట్టి దాని మీద తిన్నటి పట్టాలో, నిచ్చెనో బిగించి, చట్రాన్ని దాని మీద జరుపుతూ మొదటి పొర తీస్తారు. తర్వాతి ప్రతి పలకా ఆ ముఖాన్ని ఆనుకునే వస్తుంది. అందులో మెలిక ఉంటే ఆ మెలిక చివరి పలక దాకా పాకుతుంది. కోత వెనక వెడ్జ్‌లు అనే వాలు బద్దలు దిగ్గొట్టకపోతే పై చెక్క బరువుకు కోత మూసుకుని గొలుసును పట్టేస్తుంది. ఆ బద్దలు చెక్కవో ప్లాస్టిక్‌వో అయి ఉండాలి, ఇనుపవి కావు.

ఇనుము మాటకొస్తే, వీధుల పక్కన, కంచెల వెంట పెరిగిన చెట్ల లోపల మేకులు, తీగలు ఇమిడి ఉంటాయి. టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువగా ఉండే ఓక్ వంటి కలపలో అవి దుంగ చివర నీలినలుపు మరకగా బయటపడతాయి. బ్యాండ్ రంపం అలాంటి మేకుకు తగిలితే ఒక్కోసారి బ్లేడు మొత్తం పోతుంది. గొలుసుకైతే కొన్ని పళ్లు దెబ్బతింటాయి, ఆకురాయితో సరిచేసుకోవచ్చు. నగరాల్లో గాలివానకు కూలిన పెద్ద చెట్లను చాలా సామిల్లులు ముట్టుకోకపోవడానికి కారణం ఈ భయమే. అవి వంటచెరకుగానో చెత్తగానో పోతుంటాయి. ఆ పోయేదాని పక్కన పావు వంతు పొట్టు ఎంత?

గొలుసు రంపాన్ని వెనకేసుకొచ్చేవారు కూడా ఒక విషయం దాటవేస్తుంటారు. అది ఆ యంత్రం మీద వంగి పనిచేసే మనిషి సంగతి. అడ్డకోత నిమిషాల్లో ముగుస్తుంది. నిలువుకోతలో అతడు ఇంజను పొగలోనూ సన్నటి చెక్కపొడిలోనూ గంటల తరబడి ఉంటాడు. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్కపొడిని మనుషుల్లో కేన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు, దాని పక్క కుహరాల కేన్సర్‌కు ప్రధానంగా ఓక్, బీచ్ వంటి గట్టి కలపల పొడితో ముడి కనిపించింది. ఏళ్ల తరబడి కంపనానికి చేతివేళ్ల రక్తనాళాలు దెబ్బతిని చలికి వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కే జబ్బు సరేసరి. మాస్కు, చెవులకు రక్షణ, మధ్యమధ్య విరామం అన్న ఖర్చు కలపకుండా ఈ పద్ధతి చవక అని చెప్పడం మోసమే.

ఇక చట్టాల సంగతి. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా 1998లో గొలుసు రంపంతో అమ్మకానికి పలకలు కోయడాన్ని నిషేధించింది. అడవిని కాపాడటం, పొట్టు నష్టం ఆపడం లక్ష్యాలు. పెద్ద మిల్లుల కలప ఎగుమతి వైపు వెళుతుంటే ఇళ్లు కట్టుకునేవారికి, వడ్రంగులకు కలప కావలసి వచ్చింది. నిషేధం తర్వాత కూడా దేశీయ మార్కెట్‌కు కలపలో అధిక భాగం గొలుసు రంపాల నుంచే వస్తూ వచ్చింది, కాకపోతే చాటుగా. చాటుపని అంటే రాత్రి పని, తొందర పని. చట్రం మోసుకెళ్లే తీరిక ఉండదు, చేతితోనే పట్టుకుని కంటి అంచనాతో కోస్తారు. పలక ఒకచోట మందం, ఒకచోట పలచన. దాన్ని తిన్నగా చేయడానికి మళ్లీ చెక్కేయాలి. ఆపాలనుకున్న నష్టాన్ని నిషేధమే పెంచింది.

దక్షిణ అమెరికాలోని గయానా ఈ పనిని అనుమతించి నియంత్రించే దారి పట్టింది. అక్కడి అటవీ కమిషన్ ఇచ్చే ట్యాగ్‌లో ఒక సగం నరికిన చోట మొద్దుకు, రెండో సగం బయటకు వచ్చే కలపకు తగిలించాలి. రెండు సగాల అంకె ఒకటే. కలప ఎక్కడ కోసినా, దేనితో కోసినా, ఏ చెట్టుదో వెనక్కి వెళ్లి చూడొచ్చు. నరికిన చెట్టుకు అనుమతి ఉందా లేదా అన్నది ఆ ట్యాగ్ తేల్చగలదు. కోత ఎంత బాగా జరిగిందన్నది మాత్రం తేల్చలేదు. చట్రం లేకుండా చేతితో కోయడానికి అనుమతి ఇవ్వకపోవడం ఆ ఖాళీని కొంత పూడ్చగలదు. చట్రం ఖరీదు దాన్ని మోసే పెద్ద రంపం ఖరీదులో చిన్న భాగం. సహకార సంఘాలకు ఒక బ్యాండ్ మిల్లు ఉమ్మడిగా ఏర్పాటు చేసి, అడవి లోపల గొలుసుతో నాలుగు ముక్కలు చేసి అక్కడికి తెచ్చే పద్ధతికి పర్మిట్ రుసుము తగ్గిస్తే ఇంకా మేలు.