ఇయర్‌రౌండ్ పిల్లలూ మన పిల్లలే

మన తెలుగు సంఘం మొన్నటి సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదవడం అయ్యాక ఒక అర్జీ అందరి చేతులూ మారింది. ఇక్కడ అమెరికాలో, నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్, కేరీ, ఏపెక్స్‌లలో మనవాళ్ళు ఎక్కువగా ఉన్న చోట్ల పిల్లలను ఏడాదంతా విడతలుగా నడిచే ఇయర్‌రౌండ్ బడుల నుంచి, వేసవంతా సెలవులిచ్చే ట్రెడిషనల్ బడులకు మార్చమని వేక్ కౌంటీ స్కూల్ బోర్డును సంఘం పేరిట కోరుతున్నారు. సంతకాలు జరుగుతుండగా వేదిక మీది పెద్దాయన ఒకరు, "వేసవి సెలవులు లేని పిల్లలకు తెలుగు రాదు, ఆ తల్లిదండ్రులకు పట్టింపూ లేదు" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆ మాటను తెలుగులోనే విని, తెలుగులోనే అర్థం చేసుకున్న మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, మన గురించేనా?" అంది.

అందుకే ఇది రాస్తున్నాను.

ఇయర్‌రౌండ్ అంటే ఏడాది పొడుగునా చదువు రుద్దడం కాదు. రెండు పద్ధతుల్లోనూ బడి దాదాపు 180 రోజులే. ఇయర్‌రౌండ్‌లో 45 రోజులు బడి, 15 రోజులు సెలవు; ఆ సెలవునే ట్రాక్ అవుట్ అంటారు. పిల్లలను నాలుగు ట్రాకులుగా, అంటే జట్లుగా, విడదీస్తారు; వాటిలో ఎప్పుడూ ఒకటి సెలవులో ఉంటుంది కాబట్టి అదే భవనంలో ఎక్కువమంది పడతారు. మనలాంటి కుటుంబాలు వేలల్లో వచ్చిపడుతుంటే కౌంటీ ఈ దారి పట్టింది. దీని మీద తల్లిదండ్రులు కోర్టుకెక్కితే, వాళ్ళ అనుమతి లేకుండానే పిల్లలను ఇయర్‌రౌండ్‌కు కేటాయించే అధికారం బోర్డుకు ఉందని 2009లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మాలో చాలామందిమి ఇది ఎంచుకున్నవాళ్ళం కాదు.

ఇక తెలుగు సంగతి. మా అబ్బాయి చిన్నప్పుడు ట్రెడిషనల్ బడిలో చదివాడు. జూన్‌లో బడి మూయగానే జగిత్యాలలో మా అత్తగారింటికి బయలుదేరేవాళ్ళం. అక్కడేమో జూన్ 12కే బడులు తెరిచేస్తారు. మేము చేరేసరికి మా మరిది పిల్లలు యూనిఫాంలో పొద్దున్నే ఆటో ఎక్కేవాళ్ళు. సాయంత్రం ట్యూషన్ ముగించుకుని వచ్చేసరికి వాళ్ళకు నిద్ర ముంచుకొచ్చేది. వీడు పగలంతా నానమ్మ పక్కన ట్యాబ్ పట్టుకుని కూర్చునేవాడు. ఆమె ప్రేమగా ఏదో అడిగితే ఒక్క ముక్కలో జవాబు. రెండున్నర నెలల సెలవులుండీ తోటి పిల్లలతో తెలుగు మాట్లాడే వేళే దొరకలేదు.

అమ్మాయికి ఇయర్‌రౌండ్ పడింది. ఒక ఏడు దాని ట్రాక్ అవుట్ సరిగ్గా దసరా సెలవుల్లో వచ్చింది. ఊరి మీద బెంగతో చెప్పడం లేదు, జరిగిందే చెబుతున్నాను. ఆ ఇంట్లో పిల్లలంతా ఉన్నారు. పొద్దున బతుకమ్మ కోసం గునుగు పూలకు వెళ్ళడం, రంగులద్దడం, తంగేడు ఎవరు ముందు పేర్చాలని తగవు, ఆ తగవులో ఓడిపోకూడదని మాటలు వెతుక్కోవడం. రాత్రి మేడ మీద పడుకుని మా అత్తగారి చేత చెప్పిన కథే మళ్ళీ చెప్పించుకునేది. తిరిగొచ్చాక నాతో "గట్లెట్లంటవమ్మా" అని వాదించడం మొదలుపెట్టింది. ఏ తరగతిలోనూ అంత పట్టున తెలుగు అబ్బలేదు దానికి.

కష్టాలు లేవనను. పెద్దపిల్లలు హైస్కూల్లో ట్రెడిషనల్, చిన్నవాళ్ళు ఇయర్‌రౌండ్ అయితే ఇల్లంతా కలిసి ఎక్కడికీ కదలలేదు. ఇద్దరూ ఉద్యోగస్తులైతే మూడు నెలలకోసారి పిల్లను ఎవరికి అప్పజెప్పాలన్న దిగులు. మార్కుల వాదనను మాత్రం రెండు పక్షాలూ పక్కన పెడితే మంచిది. దీర్ఘ వేసవిలో పిల్లలు సగటున ఒక నెల చదువు మరిచిపోతారని 1996లో హ్యారిస్ కూపర్ అనే పరిశోధకుడి బృందం తేల్చిన మాట నిజమే. కానీ మన వేక్ బడులనే పరిశీలించిన మెక్‌ముల్లెన్, రౌస్ అనే ఆర్థికవేత్తలు ఇయర్‌రౌండ్‌కు మారినందువల్ల సగటు విద్యార్థి చదువులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని 2012లో రాశారు.

మరి తేడా ఎక్కడుంది? తాతయ్యలు, అమ్మమ్మలు వచ్చి ఆరు నెలలుంటే వాళ్ళకు మనవలతో రెండు ట్రాక్ అవుట్‌లు దొరుకుతాయి. సంక్రాంతికో దసరాకో ఊరు చూపించే వీలుంటుంది. ఇవి దొరికిన పిల్లలను పట్టుకుని తెలుగుకు దూరమయ్యారనడం అన్యాయం. మన వేసవి శిబిరం ఏటా జూలైలో, పని రోజుల్లో, పొద్దుటి పూటే పెడతాం. బడిలో ఉన్న పిల్ల ఎలా వస్తుంది? రాలేదని నాటకంలో వేషం ఇవ్వం. వేషం లేదు కనుక వాళ్ళకు ఆసక్తి లేదంటాం.

కార్యవర్గానికి నా విన్నపం. ఆ అర్జీ మీద సంఘం పేరు తీసేయండి, కావలసినవాళ్ళు సొంత పేర్లతో సంతకం పెట్టుకుంటారు. శిబిరంలో ఒక వారం అక్టోబరుకు, ఒక వారం జనవరికి జరపండి. తేదీలు వేసే ముందు నాలుగు ట్రాకుల క్యాలెండర్లూ బల్ల మీద పెట్టుకోండి. ఆ రెండు వారాలూ హాలు తెరవడం, పిల్లలకు పాఠం చెప్పడం నేను చూసుకుంటాను. నాతో కలిసి రావడానికి మరికొందరు తల్లులు ఇప్పటికే ఒప్పుకున్నారు.