సవరణ: సిల్ఫ్రాకి 7 ఎంఎం వెట్‌సూట్ సరిపోదు

ఐస్‌లాండ్‌లో ఒక జాతీయ పార్కులో ఉన్న సిల్ఫ్రా అనే నీటి చీలికలో డైవింగ్‌కి వెళ్తున్న మన చెన్నై మిత్రుల కోసం మొన్న రాసిన పోస్టులో "7 ఎంఎం వెట్‌సూట్, హుడ్, గ్లవ్స్ ఉంటే చాలు" అన్నాను (వెట్‌సూట్ అంటే ఒంటికి అతుక్కునే రబ్బరు సూట్, లోపలికి కాస్త నీళ్లు వస్తాయి). అది తప్పు. అక్కడి నీళ్లు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే. సిలిండర్‌తో చేసే స్కూబా డైవింగ్‌కి డ్రైసూట్ (నీళ్లు లోపలికి రానివ్వని సూట్) తప్పనిసరని ఆ జాతీయ పార్కు నిబంధనల్లోనే ఉంది. డ్రైసూట్‌లో శిక్షణో, అనుభవమో ఉన్నట్టు చూపించాలి కూడా.

మన తీరంలో 3 ఎంఎం సూట్‌తో హాయిగా దిగిపోతాం కాబట్టి, మందం పెంచితే చలి ఆగుతుందనుకున్నాను. కానీ డైవింగ్ శిక్షణ పుస్తకాలు చెప్పేది వేరు. వెట్‌సూట్ కుట్టే నియోప్రీన్ అనే నురగ రబ్బరులో వెచ్చదనాన్ని కాపాడేవి సన్నటి గ్యాస్ బుడగలు. 10 మీటర్ల లోతులో పీడనం పైన ఉన్నదానికి రెట్టింపు, 30 మీటర్లలో నాలుగు రెట్లు. బుడగలు నలిగి, సూట్ అక్కడే పల్చబడుతుంది.

డ్రైసూట్‌లోనూ ఒక మెలిక ఉంది. పల్చటి బట్టతో చేసే మెంబ్రేన్ రకం నీళ్లని ఆపుతుందంతే. వెచ్చదనమంతా లోపల వేసుకునే ఫ్లీస్‌ది, ఉన్నిది, వాటి మధ్య నిలిచే గాలిది. లోపల కాటన్ టీషర్ట్ మాత్రం వద్దు, చెమటకి తడిసి ఒంటిని చల్లబరుస్తుంది.

రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) మీద "10 డిగ్రీలకు పైన" అనే గుర్తు ఉంటే దాన్ని అక్కడ వాడకండి. గడ్డకట్టి, గాలి ఆగకుండా వదిలేసే ప్రమాదం ఉంది.

నా పోస్టు చూసి వెట్‌సూట్ బుక్ చేసుకున్నవాళ్లు దయచేసి ఇప్పుడే మార్చుకోండి.