అగ్రిమెంటులో ఇంటి ఊసు కూడా ఉండాలి

తాతల నాటి ఇంటిని షాపుకు అద్దెకిస్తే పరువు పోయినట్టు బాధపడేవాళ్లు మన అసోసియేషన్‌లో చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు ఇంకా నిలబడి ఉందంటే, అది ఆ అద్దె పుణ్యమే.

1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డ ప్లీడరు మా ముత్తాత. ముందు గదే ఆయన ఆఫీసు. కేసుల కోసం వచ్చినవాళ్లు వీధి అరుగు మీద కూర్చునేవారు. సహాయ నిరాకరణ రోజుల్లో, పెదనందిపాడు వైపు రైతులు పన్నులు కట్టబోమని ఎదురు తిరిగినప్పుడు, అటునుంచి వచ్చినవాళ్లు రాత్రిళ్లు ఆ అరుగు మీదే పడుకునేవారట. మా నాయనమ్మ ఈ సంగతి తన అత్తగారి నోట విన్నది. అంటే బయటివాళ్లు రాకుండా ఆ ఇల్లు ఏనాడూ లేదు.

తర్వాత ముందు గదిలో మందుల షాపు పెట్టారు. ఆ పైన ఇల్లంతా నర్సింగ్ హోమ్ అయింది. అప్పుడు కూడా ఇంటి నడుమ పైకప్పు లేని మండువా అలాగే ఉంది, పేషెంట్ల తాలూకు వాళ్లు దాని చుట్టూ వసారాలో కూర్చునేవారు. చివరికి బట్టల షోరూమ్ వచ్చింది. అసలు నష్టం అప్పుడు జరిగింది. వేసవిలో వేడిగాలి పైకి పోవడానికీ, వాన నీళ్లు తూము గుండా పెరట్లోకి వెళ్లడానికీ ఉన్న మండువా మీద స్లాబ్ వేశారు. టేకు స్తంభాలకు ప్లైవుడ్ బిగించారు. డంగు సున్నపు గోడలకు సిమెంటు పూశారు. సున్నపు గోడ పీల్చుకున్న తేమ మళ్లీ బయటికి పోవాలి. సిమెంటు దాన్ని లోపలే ఆపేసింది. రెండు వర్షాకాలాలకే గోడలు ఉబ్బి, పెచ్చులు ఊడటం మొదలైంది.

అద్దెకున్నాయన్ని ఏమనగలం? అగ్రిమెంటులో అద్దె, అడ్వాన్సు, ఏటా పెంపు తప్ప ఇంటి గురించి ఒక్క ముక్క లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకూ హక్కు వచ్చింది. అది న్యాయం, రావలసిందే. కానీ మూడు దేశాల్లో ఉన్న వారసులంతా ఒక మాట మీదికి రావడం కష్టం. ఇంటి మీద రాబడి లేకపోతే అందరికీ ఒకటే దారి తోస్తుంది: బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేయడం. అద్దె వస్తుంటే కనీసం ఆ తొందర ఉండదు.

ఈసారి లీజు రాసేటప్పుడు షరతులు పెట్టాం. మండువా మీద స్లాబ్ తీసేయాలి. గోడల రిపేరు సున్నంతోనే చేయాలి. స్తంభాలకు మేకు కొట్టకూడదు. బోర్డు అరుగుకు అడ్డం రాకూడదు. దీనికోసం అద్దె కొంత తగ్గించుకున్నాం, ఆ మాట మీద చిన్నాన్న పిల్లలతో గట్టిగానే వాదన జరిగింది. ఏడాది దాటిన లీజు ఎలాగూ రిజిస్టర్ చేయాలి కాబట్టి ఈ షరతులన్నీ అందులోకే ఎక్కాయి.

మన అసోసియేషన్‌లో లాయర్లున్నారు, ఆర్కిటెక్టులున్నారు. పాత ఇళ్లకు పనికొచ్చే లీజు నమూనా ఒకటి తెలుగులో తయారు చేయండి. తాళాలు అప్పగించే ముందు ప్రతి గదినీ ఫొటోలు తీసి, కొలతలతో ప్లాన్ గీయించి జతచేయాలన్న షరతు అందులో మొదటిదిగా పెట్టండి.