ట్రాన్సిస్టర్ గారికి, తోక విషయమై

అయ్యా ట్రాన్సిస్టర్ గారూ,

మీ పేరు మొదటిసారి విన్నప్పుడు ఎవరో సిస్టర్ ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిందనుకున్నాను. నవ్వకండి. మీ అసలు కథ ఇంతకంటే గొప్పదేం కాదు.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో బార్డీన్, బ్రాటెన్ అనే శాస్త్రవేత్తలు మిమ్మల్ని, అంటే విద్యుత్ సంకేతాల్ని పెంచే బుల్లి పరికరాన్ని, పుట్టించారు. ఐదు నెలలైనా పేరు కుదరలేదు. చివరికి 1948 మేలో ఆరు పేర్లు అచ్చేసి ఓటింగ్ పెట్టారు. సెమీకండక్టర్ ట్రయోడ్, క్రిస్టల్ ట్రయోడ్, సాలిడ్ ట్రయోడ్... అన్నీ బుద్ధిమంతమైన పేర్లే. 'అయోటాట్రాన్' కూడా పోటీలో ఉంది. అది గెలిచి ఉంటే ఈ ఉత్తరం రాసే ఓపిక నాకుండేది కాదు. గెలిచింది మీరు. మీ పేరు సూచించిన అక్కడి ఇంజనీరు జాన్ పియర్స్ మారుపేరుతో సైన్స్ ఫిక్షన్ కూడా రాసేవారట, అందుకే ఆయనకు చెవికింపు తెలుసు.

సరే, ఆ ఓటింగ్ కాగితం మీద మీ వంశం ఏమని రాశారు? 'ట్రాన్స్‌కండక్టెన్స్ (ఒక విద్యుత్ కొలత) లేదా ట్రాన్స్‌ఫర్', దానికి 'వేరిస్టర్' (వోల్టేజీని బట్టి నిరోధం మారే భాగం) కలిపితే మీరట. ఆ 'లేదా' ఏమిటండీ? తండ్రి ఎవరో తేలకముందే పేరు పెట్టేశారా? పోనీ తల్లివైపు చూద్దామంటే, వేరిస్టర్ కూడా అతుకుల బొంతే: వేరియబుల్‌కు రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే భాగం) తోక 'ఇస్టర్' కుట్టారు. అంటే మీ తోక సెకండ్ హ్యాండ్! 1971లో లియాన్ చువా అనే శాస్త్రవేత్త మెమ్రిస్టర్‌కు (తనగుండా పోయిన కరెంటును గుర్తుంచుకునే భాగానికి) పేరు పెట్టినప్పుడు నయం, మెమరీకి కావలసిన తోకను నేరుగా రెసిస్టర్ దగ్గరే తెచ్చుకున్నారు.

రాముడు, ఇతడు కలిసి రాముడితడు అయితే, పోయిన ఒక్క ఉకారానికి ఉత్వసంధి అని పేరు పెట్టి, సూత్రం మాచేత బట్టీ పట్టించారు. మీ దగ్గర మాటలో సగం ఎగిరిపోయినా అడిగే దిక్కు లేదు. పైగా దాన్ని టెక్నాలజీ అంటారు.

అసలు ఫిర్యాదు ఇంకొకటుంది. 1954లో రీజెన్సీ టీఆర్-1 అనే బుల్లి రేడియోలో మీవాళ్లు నలుగురు దూరారు. ఆ తర్వాత అలాంటి పెట్టెలన్నీ 'ట్రాన్సిస్టర్లు' అయిపోయాయి. అద్దెకు దిగినవాళ్లు ఇంటిపేరే మార్చేసినట్టు! ఇప్పుడు ఫోన్ చిప్‌లో వెయ్యి కోట్ల మందికి పైగా కాపురముంటున్నారు, ఫోన్‌ను ట్రాన్సిస్టర్ అనేవాడు ఒక్కడైనా ఉన్నాడా? నలుగురున్నప్పటి ఆ దబాయింపు ఏమైందండీ?

ఏదేమైనా, రేడియో పేరు రేడియోకు తిరిగిచ్చేయండి.

ఇట్లు,
సంధి సూత్రాలు ఇంకా మరిచిపోని ఒక విద్యార్థి