సత్ప్రవర్తనకు టెండర్లు పిలవాలి

శ్రీకాకుళం జిల్లాకి పరిశ్రమలు రావడం లేదని ఎన్నికలప్పుడల్లా అందరం కలిసి బాధపడతాం. బాధపడి, ఓటేసి ఇంటికొస్తాం. ముడిసరుకు మన దగ్గరే గుట్టలుగా పడి ఉందని మాత్రం ఒక్కరికీ తట్టలేదు. ఉద్దానంలో అర్ధరాత్రి పక్కవాడి తోటలో జీడిపిక్కలు గోనెకెత్తి దొరికిపోయిన కుర్రాడున్నాడు. నరసన్నపేటలో తాగి బండి నడిపి డివైడర్ ఎక్కించినవాడున్నాడు. ఆమదాలవలస స్టేషన్లో నిద్రపోతున్నవాడి జేబులోంచి ఫోన్ లాగినవాడున్నాడు. వీళ్ళని బాగుచేసే పని ఇంతకాలం ప్రభుత్వం సొంత ఖర్చుతో నెట్టుకొస్తోంది. తలకి రూపాయి మిగల్లేదు. అందుకే ప్రొబేషన్ సేవలని ప్రైవేటుకి ఇచ్చేయాలని ప్రజల తరఫున ఈ వ్యాసంలో డిమాండ్ చేస్తున్నాను.

ప్రొబేషన్ గురించి తెలియనివారికి రెండు ముక్కలు. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం ప్రకారం, ఉరిశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకపోతే, మనిషి నడవడి, పరిస్థితులు చూసి కోర్టు జైలుకి పంపకుండా సత్ప్రవర్తన బాండు రాయించుకుని వదలొచ్చు. గడువు మూడేళ్ళు మించకూడదు. ఆలోగా ప్రొబేషన్ అధికారి వాడిని కనిపెట్టుకుని ఉండాలి, నష్టపరిహారం కట్టడానికి సాయపడాలి, అవసరమైతే తగిన పని చూసిపెట్టడానికి ప్రయత్నించాలి. ఈ చివరి మాట రాసినవారు పలాస స్టేషన్ చూసినవారు కారని నా అనుమానం. ఏ నేరమూ చెయ్యని కుర్రాళ్ళే ఇక్కడ పని దొరక్క ఫలక్‌నుమా జనరల్ బోగీలో వేలాడుతూ పోతున్నారు.

చట్టం ఒప్పుకోదేమోనన్న బెంగ అక్కర్లేదు. ప్రభుత్వం గుర్తించిన సొసైటీ పంపిన మనిషి కూడా ప్రొబేషన్ అధికారి కావచ్చని 13వ సెక్షన్ ఆనాడే చెప్పింది. సొసైటీ అంటే అప్పటివాళ్ళ మనసులో ఖద్దరు కట్టుకుని, సాయంత్రం పూట ఉచితంగా ఊళ్ళు తిరిగే పెద్దమనుషులు ఉండి ఉంటారు. పొందూరు ఖద్దరు ధర ఇప్పుడెంతో వాళ్ళకేం తెలుసు? ఆ మాటని మనం ప్రైవేట్ లిమిటెడ్ అని చదువుకుంటే సరిపోతుంది.

మార్కెట్ కూడా పెరుగుతోంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజ సేవని ఒక శిక్షగా చేర్చింది. దొంగిలించిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపుండి, శిక్ష పడడం మొదటిసారై, సొత్తు తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరి. దీన్ని మన జీడితోటల్లో పెట్టి చూడండి. పిక్కల ధర ఇక్కడ 80 కిలోల బస్తా లెక్కన పలుకుతుంది. ధర పడిపోయిన ఏడాది ఓ మోస్తరు గోనె మోసుకుపోయినవాడు సమాజ సేవకుడవుతాడు. ధర లేచిన ఏడాది అదే గోనె, అదే తోట, అదే కుర్రాడు, అయినా జైలు కళ్ళబడుతుంది. గిట్టుబాటు ధర కోసం రైతులు ధర్నా చేసేటప్పుడు దొంగల సంక్షేమం కూడా కాస్త ఆలోచించాలని మనవి.

ఇక ఈ విషయంలో మనకి గురువు ఇంగ్లండే. రైళ్ళూ కోర్టులూ నేర్పినవాళ్ళు ఇది మాత్రం నేర్పలేరా? అక్కడ క్రిస్ గ్రేలింగ్ అనే న్యాయశాఖ మంత్రి హయాంలో, 2014లో, ఇంగ్లండ్, వేల్స్‌లలోని ఈ పని చూసే 35 ప్రభుత్వ ప్రొబేషన్ ట్రస్టులని ఎత్తేశారు. ప్రమాదకరమైన నేరస్థులని ప్రభుత్వ విభాగానికి ఉంచి, తక్కువ, మధ్యస్థ ప్రమాదం అనుకున్నవాళ్ళని 21 కంపెనీలకి పంచారు. కత్తి పట్టినవాడు ప్రభుత్వానికి, కాంట్రాక్టు పట్టినవాడు లాభానికి. ఎంత న్యాయమైన పంపకమో గమనించండి. మళ్ళీ నేరాలు చెయ్యకుండా ఆపితే ఫలితాన్ని బట్టి అదనపు సొమ్ము.

ఫలితం రానే వచ్చింది. అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2019లో లెక్క తీసింది. 2011తో పోలిస్తే 2017 నాటికి మళ్ళీ నేరం చేసినవాళ్ళ శాతం రెండున్నర పాయింట్లు తగ్గింది. కానీ అలా చేసినవాళ్ళు తలకి చేసిన నేరాలు సగటున 22 శాతం పెరిగాయి. గిట్టనివాళ్ళు దీన్ని వైఫల్యం అంటున్నారు. తక్కువమందితో ఎక్కువ పని చేయించడాన్ని మన పారిశ్రామికవేత్తలు ఏమంటారో వాళ్ళు ఒకసారి కనుక్కోవాలి. తనిఖీ విభాగం పెద్ద గ్లెనిస్ స్టేసీ ఆ ఏడాదే, ఈ పద్ధతి లోపం దిద్దితే పోయేది కాదని తేల్చేశారు. 2021 జూన్‌లో అంతా మళ్ళీ ప్రభుత్వం చేతికొచ్చింది. అయితే ఆ మంత్రిగారు నిరుత్సాహపడలేదు. తర్వాత రవాణా శాఖకి వెళ్ళి, ఒక్క ఓడా లేని కంపెనీకి ఓడలు నడిపే కాంట్రాక్టు ఇచ్చారు. మూలపేటలో పోర్టు కడుతున్నాం కాబట్టి ఆయన సలహాలు మనకి రెండు రకాలుగా పనికొస్తాయి.

ఇంగ్లండ్‌లో దెబ్బతిన్నది ఎక్కడంటే, అసలు పనికి రేటు కట్టడంలో. అక్కడి 1907 నాటి ప్రొబేషన్ చట్టం అధికారి విధిని మూడు మాటల్లో చెప్పింది: సలహా ఇవ్వాలి, సాయం చెయ్యాలి, స్నేహంగా మెలగాలి. మొదటి రెండూ ఎలాగో బిల్లు పెట్టొచ్చు. స్నేహానికి యూనిట్ ఏమిటి? రన్నింగ్ మీటరా, క్యూబిక్ మీటరా? మన ఇంజినీర్ల రేట్ల పుస్తకంలో మట్టి తవ్వకానికి రేటుంది, రాయి పరచడానికి రేటుంది. కుర్రాడి ఇంటికెళ్ళి, అరుగు మీద కూర్చుని, వాళ్ళ నాన్నతో గంటసేపు వ్యవసాయం మాట్లాడి, చివర్లో ‘ఈ వారం పనికెళ్ళావా’ అని అడగడానికి రేటు లేదు. కొలతలు రాసే ఎం-బుక్‌లో ఎక్కనిది జరగనట్టే కదా! పైగా మన దగ్గర ఎవరో ఒకడు అంచనా కన్నా 22 శాతం లెస్‌కి వేసి పని పట్టేస్తాడు. స్నేహంలో 22 శాతం కోత ఎక్కడ కొట్టాలో అప్పుడు తెలియాలి.

దీనికీ ఇంగ్లండ్ కంపెనీలే దారి చూపించాయి. కొందరు నేరస్థులకి ఆరు వారాలకోసారి ఫోన్ చేసి ఊరుకుంటున్నారని 2017లో తనిఖీవాళ్ళు కనిపెట్టి గగ్గోలు పెట్టారు. మనకైతే ఈ పద్ధతి కుట్టించినట్టు సరిపోతుంది. ఏడు రోడ్ల జంక్షన్‌లో ఓ కాల్ సెంటర్ చాలు.

‘అమ్మా, మీ అబ్బాయి సత్ప్రవర్తన గురించి చేస్తున్నాం. ఉన్నాడా?’

‘మా గుంటడు మద్రాసు ఎల్లిపోనాడు బాబూ. సెంట్రింగు పనికి.’

‘మంచిదమ్మా. నేరాలేమైనా చేస్తున్నాడా?’

‘ఏటో బాబూ, ఫోనే సెయ్యడు. ఆడికేటైనా పని సూపిత్తారా, ఇక్కడే ఉంటాడు?’

‘ధన్యవాదాలమ్మా. మా సేవ నచ్చితే ఒకటి నొక్కండి.’

ఆవిడ ఏదో ఒకటి నొక్కుతుంది. కంప్యూటర్లో ‘సంతృప్తికరం’ అని పడుతుంది. బిల్లు ప్రభుత్వ చెల్లింపులు చూసే సీఎఫ్ఎంఎస్‌లో ఎక్కుతుంది. అది ఎప్పటికి పాసవుతుందన్నది మన రోడ్ల కాంట్రాక్టర్లని అడగాలి. ఈ జిల్లాలో అసలైన ఓర్పు నేర్చినవాళ్ళు వాళ్ళే.

ప్రభుత్వం డబ్బులివ్వకపోతే ఎలా అని భయపడేవారికి అమెరికా ఉంది. జార్జియా రాష్ట్రంలో చిన్న కేసుల్లో ప్రైవేటు ప్రొబేషన్ కంపెనీకి నెలనెలా ఫీజు నేరస్థుడే కడతాడు. జరిమానా ఒకేసారి కట్టగలిగినవాడికి ఈ తద్దినమే ఉండదు. కట్టలేనివాడే నెలనెలా కడతాడు. మైక్రో ఫైనాన్స్ చూసిన ఊళ్ళకి ఇది విడమరచి చెప్పాలా? కంపెనీల మాట అటుంచి, అదే రాష్ట్రంలో జరిమానా, పరిహారం కలిపి 750 డాలర్లు పడిన ఒకతను తల్లిదండ్రుల దగ్గర 200 అప్పుచేసి కట్టి, ఉద్యోగం పోయి మిగతాది కట్టలేక జైలుకెళ్ళాడు. అతనికి చదవడం రాదు. నిజంగా కట్టలేకపోయాడా, కావాలని ఎగ్గొట్టాడా అని చూడకుండా జైల్లో వెయ్యడం తప్పని 1983లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టులు ఇలా అడ్డుపడితే పెట్టుబడులు ఎలా వస్తాయో అర్థం కాదు.

మందుబాబుల కేసులైతే మరీ సులువు. మద్యం దుకాణాలని 2019లో ప్రభుత్వం తీసుకుంది, 2024 అక్టోబరులో లాటరీ వేసి మళ్ళీ ప్రైవేటుకి ఇచ్చింది. తాగించేది ప్రైవేటువాడైతే, తాగి దొరికినవాడిని బాగుచేసేది ప్రభుత్వమా? ఒకే లైసెన్సు మీద రెండు కౌంటర్లు పెడదాం. ఎడమ వైపు క్వార్టరు, కుడి వైపు కౌన్సెలింగు. నాణ్యత పడిపోతుందన్న భయం లేదు. ఒక కౌంటర్ బాగా నడిస్తేనే రెండోది నడుస్తుంది.

ఇక టెండర్ అర్హతలు. నేరస్థులతో పనిచేసిన ముందస్తు అనుభవం తప్పనిసరి అంటే మా జిల్లాలో పోటీ విపరీతంగా ఉంటుంది. కేసులున్న నాయకుల బావమరదులందరూ అర్హులే. సొంతంగా బెయిలు మీద ఉన్నవారికి అదనపు మార్కులు ఇవ్వాలా అన్నది ప్రీబిడ్ సమావేశంలో తేల్చుకోవచ్చు.

కంపెనీ మోసం చేస్తే? ఇంగ్లండ్‌లో నేరస్థుల కాళ్ళకి ఎలక్ట్రానిక్ ట్యాగులు కట్టే రెండు పెద్ద సంస్థలు, చనిపోయినవాళ్ళకీ, తిరిగి జైలుకెళ్ళినవాళ్ళకీ కూడా బిల్లులేశాయని 2013లో బయటపడింది. చచ్చినవాడు మళ్ళీ నేరం చెయ్యడు కాబట్టి అది నూటికి నూరు శాతం ఫలితమే అని వాదించడం వాళ్ళకి చేతకాలేదు. డబ్బు వెనక్కి కట్టేశారు. మనవాళ్ళకి అంత ఇబ్బంది రానక్కర్లేదు. మన 1958 చట్టం మూడో సెక్షన్ మొదటి తప్పుకి మందలించి వదిలేయొచ్చంటుంది. వదలదగిన నేరాల పట్టికలో 420 పేరు పెట్టి మరీ ఉంది. 21 ఏళ్ళ లోపువారిని వీలైనంతవరకు జైల్లో పెట్టొద్దని ఆరో సెక్షన్ చెబుతుంది. టెండర్ కోసం పుట్టిన కంపెనీకి మహా అయితే ఏడో నెల నడుస్తుంటుంది. ఆ పసిదాని నడవడి ఎలాంటిదో కోర్టు ముందుగా ప్రొబేషన్ అధికారి చేత నివేదిక తెప్పించుకోవాలి. అది కంపెనీయే రాసిస్తుంది. బిల్లు వేరు, జీఎస్టీ అదనం.